గోడ గీసినవారు, గుడ్డ గీసినవారు

నేను చిత్రకారుణ్ణి కాను. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. చెరువు కట్టలు, తూములు, అలుగులు, కాలువల మీద మోరీలు, నేను గీసినవన్నీ ఇవే. అందుకే పాత చిత్రం ఏదైనా కంటబడితే అందరిలా ముందు మొహాలు చూడను. గోడ ఎక్కడ ఆపాడు, కప్పు దేనిమీద నిలబెట్టాడు, స్తంభానికీ స్తంభానికీ ఎంత ఎడం పెట్టాడు అని చూస్తాను. ఇంట్లోవాళ్ళకు ఇదొక జబ్బు. గుడికి పోతే దేవుడి కంటే ముందు దూలం చూస్తానని మా ఇంటావిడ ఎన్నాళ్ళుగానో అంటూనే ఉంది.

మా మేనల్లుడు జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గర పనిచేస్తున్నాడు. పండక్కి పెనుకొండ దగ్గర మా ఊరు రొద్దం వచ్చినప్పుడు గొట్టంలో చుట్టి ఒక పెద్ద ప్రింటు తెచ్చాడు. "నీకు ప్లాన్లంటే ఇష్టం గదా మామా, ఇది మేముండే ఊరు, ఐదొందలేండ్ల కిందటిది" అన్నాడు. దాన్ని పాత డ్రాయింగ్ బోర్డు మీద పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. ఆ పూట భోజనం ఆలస్యమైంది.

ఆ బొమ్మ 1493లో ఆ ఊళ్ళోనే అచ్చయిన ఒక పుస్తకంలోది. రాసినవాడు హార్ట్‌మాన్ షెడెల్ అనే వైద్యుడు. సృష్టి మొదలు తన కాలం దాకా లోకం కథంతా ఒకే పుస్తకంలో కూర్చాడు. ఆ ఏడు జులైలో లాటిన్‌లో, డిసెంబరులో జర్మన్‌లో వచ్చింది. బొమ్మల పని మిఖాయెల్ వోల్గెమూట్, విల్‌హెల్మ్ ప్లైడెన్‌వుర్ఫ్ చూసుకున్నారు. అచ్చు వేసినవాడు ఆంటన్ కోబెర్గర్. తర్వాత యూరప్ అంతటా పేరు మోగిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ కుర్రతనంలో పని నేర్చుకున్నది ఈ వోల్గెమూట్ దగ్గరే, 1486 నుంచి. చెక్క దిమ్మె మీద బొమ్మ తిరగేసి గీస్తారు. గీత నిలిచేటట్టు చుట్టూ ఉన్న చెక్కంతా ఉలితో తీసేస్తారు. దాని మీద సిరా పూసి కాగితం అదుముతారు. గీత తప్పితే రబ్బరు పెట్టి చెరపడానికి వీల్లేదు. ట్రేసింగ్ క్లాత్ మీద రూలింగ్ పెన్‌తో గీసిన మాకు ఆ భయం ఎలాంటిదో తెలుసు. అయినా మాకు బ్లేడుతో గీకే సదుపాయం ఉండేది, పాపం వాళ్ళకు అదీ లేదు.

బొమ్మలో ముందు కనబడేది గోడ. దాని వెనక ఇంకో గోడ. రెండు వరసల ప్రాకారం, మధ్యమధ్య చదరపు బురుజులు. వాటి వెనక ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఇళ్ళ కప్పులు. మంచు నిలవకుండా రెండు పక్కలా నిటారుగా దిగే కప్పులవి. వాటి మధ్య నుంచి రెండు పెద్ద చర్చీలు లేచాయి, ఒక్కోదానికి జంట శిఖరాలు. సెబాల్డ్ చర్చి, లోరెంజ్ చర్చి. వీటన్నిటికీ మీద, గుట్ట నెత్తిన కోట.

ఎక్కడ నిలబడి చూస్తే ఊరు ఇట్లా కనబడుతుంది? మేనల్లుణ్ణి అడిగాను. ఎక్కడ నిలబడినా కనబడదన్నాడు. గోడలేమో ఎదురుగా నిలబడి చూసినట్టున్నాయి, కప్పులేమో మిద్దె మీద నుంచి చూసినట్టున్నాయి. చర్చి గోపురాలు ఇళ్ళ లెక్కకు మించి పెరిగాయి. వీధులకు చోటే మిగల్లేదు. మా ఆఫీసులో ఎవరైనా ఇట్లాంటి షీటు గీసిస్తే పై అధికారి మడిచి బుట్టలో వేసేవాడు. ప్లాన్ కాదు, ఎలివేషన్ కాదు. ఊళ్ళో ఏవి గొప్ప అని ఊరివాళ్ళు అనుకుంటారో వాటి జాబితా అది, కొలతల్లో రాసిన జాబితా. ఎంత గొప్పదైతే అంత పొడుగు.

కింద కుడిమూల, గోడ బయట, పెగ్నిట్జ్ ఏటి ఒడ్డున చిన్న కప్పుల గుంపు ఒకటుంది. అది కాగితం మిల్లు. 1390లో ఉల్మన్ స్ట్రోమర్ అనే వర్తకుడు పెట్టాడు. జర్మన్ సీమలో కాగితం తయారైన మొదటి చోటు అదేనంటారు. రాజులనూ ఋషులనూ ఎక్కించిన పుస్తకంలో, ఊరిని చూపే బొమ్మలో, కాగితం మిల్లుకు కూడా ఒక మూల ఇచ్చారు. అచ్చుపని చేసేవాళ్ళ అభిమానం అది. నాకు ఆ మూలే అన్నిటికన్నా నచ్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు తమాషా ఆ పుస్తకంలోని మిగతా పేజీల్లో ఉంది. అందులో బొమ్మలు 1,800 పైచిలుకు, చెక్కిన దిమ్మెలు మాత్రం 600 చిల్లర. మిగిలినవన్నీ వేసిన దిమ్మెనే మళ్ళీ వేసినవి. ఒకే మొహం ఒక పేజీలో రాజు, ఇంకో పేజీలో తత్వవేత్త. ఊళ్ళకూ అంతే. దమాస్కస్, ఫెరారా, మిలాన్, మాంటువా, ఈ నాలుగింటికీ ఒకటే దిమ్మె అని కళాచరిత్రకారుడు ఎర్నెస్ట్ గాంబ్రిచ్ 1960లో వచ్చిన తన 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్' పుస్తకంలో చూపించాడు. సిరియా ఎడారి అంచున ఉన్న దమాస్కస్‌కు, ఇటలీ మైదానంలో ఉన్న మాంటువాకు ఒకే గోడ, ఒకే బురుజు. పైన పేరు మారితే ఊరు మారిపోయినట్టే.

మేనల్లుడికి ఇది మోసంగా తోచింది. నాకు తోచలేదు. చిన్నప్పుడు తిరునాళ్ళలో నాటకాలు చూసినవాణ్ణి. కంపెనీ దగ్గర దర్బారు పరదా ఒకటే ఉండేది. దుర్యోధనుడు నిలబడితే హస్తినాపురం, కృష్ణుడు వస్తే ద్వారక, హరిశ్చంద్రుడు వస్తే అయోధ్య. ధర్మవరంలో పుట్టి బళ్ళారిలో ప్లీడరుగా ఉంటూ తెలుగు నాటకానికి రంగస్థలం మీద నిలువునీడ ఇచ్చిన రామకృష్ణమాచార్యులవారి కాలం నుంచీ మా సీమలో ఈ పరదాల పద్ధతి అందరికీ అలవాటే. "అదే పరదా గదా" అని లేచి అరిచినవాడు ఒక్కడూ లేడు. ఇది రాజనగరు అని చెప్పడం పరదా పని, ఏ రాజో చెప్పడం నటుడి పని. షెడెల్ పుస్తకం చదివినవాడికీ ఇది కోటగోడలున్న పట్నం అని తెలిస్తే చాలు, మిగతాది పేరు చెబుతుంది.

మరి న్యూరెంబర్గ్‌కు మాత్రం పాత దిమ్మె వాడలేదేం? రెండు పేజీల నిండా కొత్తగా, చర్చి చర్చికీ గుర్తుపట్టేలా ఎందుకు చెక్కారు? డబ్బు ఎవరిదో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. ఖర్చు పెట్టుకున్నవాళ్ళు సెబాల్డ్ ష్రైయర్, సెబాస్టియన్ కమ్మెర్‌మైస్టర్ అనే ఆ ఊరి వర్తకులు. ఆ ఊరికి పైన చక్రవర్తి తప్ప ఇంకో రాజు లేడు, వర్తకుల కుటుంబాలే సభగా కూర్చుని ఏలుకునేవి. గోడ కట్టించింది తామే, గేటు మూసేదీ తెరిచేదీ తామే. బొమ్మలో మనుషులు దాదాపు లేరంటే ఆశ్చర్యం లేదు. ఆ గోడే వాళ్ళ బొమ్మ. 1945 జనవరి 2న బాంబులు పడి ఆ పాతపట్నం చాలావరకు నేలమట్టమైంది. ఇప్పుడు మా వాడు సెల్‌ఫోన్లో ఫోటోలు తీసి పంపే శిఖరాల్లో చాలా భాగం తర్వాత మళ్ళీ నిలబెట్టినవే.

ప్రింటు చూస్తూ మా వాడు ఉన్నట్టుండి అడిగాడు: "మరి మన పెనుకొండకు ఇట్లాంటి బొమ్మ లేదా మామా?"

ఉండాలి గదా! ఆ పుస్తకం అచ్చయిన నలభై ఏళ్ళకు, అంటే 1530లలో, మాకు ఇంత దగ్గరలో ఒక గుడి పైకప్పు నిండా బొమ్మలు వేశారు. హిందూపురానికి తూర్పున పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న రోజులు. కట్టించినవారు విరుపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ. నంది లక్కిసెట్టి కొడుకులు. విరుపణ్ణ పెనుకొండలో రాజుగారి ధనాగారం చూసే అధికారి. రోజూ పెనుకొండ కోటలో తిరిగే మనిషి, గుడి కట్టించి పైకప్పుకు బొమ్మలు వేయించాడు. పెనుకొండ బొమ్మ ఉంటే గింటే అక్కడే ఉండాలి.

అక్కడ బొమ్మలు చూడటం ఒళ్ళు నొప్పుల పని. కప్పుకు రాతి పలకలు పరిచి, దూలాలకూ దూలాలకూ నడుమ ఉన్న పొడుగాటి జాగాల్లో సున్నపు గార మెత్తి, దాని మీద రంగులు వేశారు. ఎర్రమన్ను, పసుపుమన్ను, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, చివర అంచులు కట్టిన నల్లగీత. కథ ఒక కొసన మొదలై ఇంకో కొస దాకా నడుస్తుంది. చూసేవాడూ తల వెనక్కి వాల్చి దానితోపాటు నడవాల్సిందే. గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, రామ పట్టాభిషేకం, మర్రాకు మీది కృష్ణుడు, మనునీతి చోళుడు. అర్ధమండపం కప్పు మీద పాతిక అడుగుల పొడుగున వీరభద్రుడు. జనం ఎక్కువగా చెప్పుకునేది ఆ వీరభద్రుణ్ణీ, గాలిలో వేలాడే స్తంభాన్నీ, బయటి నందినీ. గైడు విరుపణ్ణ కళ్ళు విసిరికొట్టిన మరకలు గోడ మీద చూపిస్తాడు. రాజద్రవ్యం గుడికి ఖర్చు పెట్టాడని శిక్ష పడబోతే తనంతట తానే కళ్ళు పెరికేసుకున్నాడట. ఆ కథ మీద నాకేమీ అభిప్రాయం లేదు. నేను పైకి చూస్తున్నాను, మేడల కోసం.

మేడలు లేవు. రెండు సన్నటి స్తంభాలు, పైన ఒక దూలం, దాని మీద చూరు. రాజనగరు అయిపోయింది. ద్రుపదుడి సభ అదే, హిమవంతుడి ఇల్లు అదే, పట్టాభిషేకం మండపం అదే. స్తంభాలు చేతికర్రంత సన్నం. నిజంగా కడితే ఆ దూలం బరువుకు అవి ఒక్క రోజు నిలబడవు. మనునీతి చోళుడి కథ నడివీధిలో జరిగిన కథ. రాకుమారుడి రథం కింద దూడ పడింది, తల్లి ఆవు వచ్చి ధర్మగంట మోగించింది, రాజు కొడుక్కే శిక్ష వేశాడు. జర్మనీవాడి చేతికిస్తే ముందు వీధికి రెండు వైపులా ఇళ్ళు లేపి, సందు దొరికితే ఆవును నిలబెట్టేవాడు. మనవాడికి రథం కావాలి, ఆవు కావాలి, గంట కావాలి, రాజు కావాలి. వీధి అక్కర్లేదు.

చేతగాక అనుకుందామా? పక్కనే శిల్పులు రాతిని మైనంలా మలుస్తున్నారు. బొమ్మ వేసేవాడు వేస్తున్నది కూడా స్తంభాల అడవి లాంటి మండపంలో నిలబడి. స్తంభం ఎంత లావుండాలో అతనికి తెలీకపోవడం ఉండదు. తలెత్తితే దూలం, తల దించితే అధిష్ఠానం. తెలిసే గీయలేదు.

అదే మనిషి చీర దగ్గరికి వచ్చేసరికి చూడండి. గిరిజా కల్యాణంలో వరస కట్టి నిలబడ్డ ఆడవాళ్ళను దుర్భిణీ పెట్టి చూశాను. ఇదొక్కటి అక్కడికి పోయేవాళ్ళకు నేనిచ్చే సలహా: దుర్భిణీ తీసుకుపొండి. ఒకామెది అడ్డచారల చీర, పక్కామెది గళ్ళ చీర, ఆ పక్కామెది చిన్న చిన్న పువ్వుల బుటా. అంచు వేరు, ఒడలు వేరు, కొంగు వేరు. కుచ్చెళ్ళు కింద విసనకర్రలా విచ్చుకుని కొసలు మొనదేలి ఉంటాయి. చార మడత దగ్గర విరిగి, మడత దాటాక మళ్ళీ అందుకుంటుంది. బట్ట మడత మీద చారను తప్పకుండా నడిపించడం ఎంత కష్టమో గీసినవాడికి తెలుస్తుంది. సన్నటి స్తంభానికి రెండు గీతలు చాలనుకున్నవాడు ఈ కుచ్చెళ్ళ దగ్గర ఓపిక అంతా పెట్టాడు.

విరుపణ్ణ, వీరణ్ణల బొమ్మ కూడా ఉంది అక్కడ. వాళ్ళ వెనక కోట లేదు, ఇల్లు లేదు. నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలున్నాయి. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల విగ్రహం చూసినవాళ్ళకు ఆ కుళ్ళాయి తెలుసు. ఆ టోపీ మన పాత రాజుల బొమ్మల్లో కనబడదు. పారశీక, తురుష్క దర్బారుల వేషం అది, దక్కను సుల్తానుల మీదుగా విజయనగరం కొలువులోకి వచ్చింది. కొలువులో ఎవరికి ఎంత స్థానమో తలమీది గుడ్డ చెప్పేది. అందుకని ఆ గుడ్డను కొలత తప్పకుండా గీశాడు.

ఇక్కడే పెనుకొండ గగన్ మహల్ గుర్తొచ్చింది. మా పక్కవాళ్ళంతా చూసిందే, అయినా ఒకసారి నా లెక్కలో చెబుతాను. రెండంతస్తుల దీర్ఘచతురస్రం. కింది అంతస్తులో మొనదేలిన కమానులు, లోపల వంపు కప్పులు, మీదికి పోను ఇరుకు మెట్లు. మీద మాత్రం గుడి శిఖరంలా దొంతరలుగా లేచిన గోపురం. కమాను సుల్తానులది, శిఖరం గుడిది, రెంటినీ కలిపింది సున్నపు గార. ఆ కాలపు రాజనగరు కట్టుబడి అది. నెత్తిన కుళ్ళాయి ఏ దారిన వచ్చిందో, కమానూ ఆ దారిన వచ్చిందే. కుళ్ళాయి లేపాక్షి కప్పెక్కింది. గగన్ మహల్ లాంటి మేడ మాత్రం ఎంత వెతికినా ఆ కప్పు మీద నా కంటికి ఆనలేదు.

ఎందుకని? నాకు తోచింది చెబుతాను. ఆ రోజుల్లో నగరుకు ఘనత గోడ వల్ల రాలేదు, గోడ మీద కట్టిన గుడ్డ వల్ల వచ్చింది.

ఇది నా ఊహ ఒక్కటే కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ నవరాత్రులు వర్ణించాడు. విజయమందిరం అని రాజుగారి కట్టడం ఒకటుంటే, దాని గోడలు, కప్పు, స్తంభాలు అన్నీ ఖరీదైన బట్టలతో కప్పేశారట. గోడలకు కట్టిన గుడ్డల మీద బుట్టాపని బొమ్మలట. రాయి వర్ణన తక్కువ, గుడ్డ వర్ణన ఎక్కువ. విరుపణ్ణ కాలంలోనే, అంటే 1535 - 37 నాటికి, గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ ఇంకో కథనం రాశాడు. ఈ రెండూ రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్'లో ఇంగ్లీషులో దొరుకుతాయి. ఎవరైనా ఒక మధ్యాహ్నం కూర్చుని చదివితే నగరు అంటే రాతికట్టడం అన్న మన భ్రమ సగం వదులుతుంది.

హంపిలో మిగిలింది చూసినా అంతే. గుళ్ళు నిలబడ్డాయి. రాజుగారు కొలువుదీరిన మహర్నవమి దిబ్బకు రాతి అరుగులే మిగిలాయి. అరుగు మీద కొయ్య స్తంభాలు పాతిన గుంటలున్నాయి, స్తంభాలు లేవు. దేవుడికి రాయి, రాజుకు కొయ్య, సున్నం, గుడ్డ. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత మంటల్లో పోయింది ఆ కొయ్యా గుడ్డే. కాబట్టి లేపాక్షి కప్పు మీద సన్నటి స్తంభాలతో కనబడేది సోమరి గీత కాకపోవచ్చు. రాతి మండపాన్ని చూసి గీసి ఉంటే అది తప్పు. కొయ్య పందిరికి పట్టుతెరలు కట్టిన కొలువుకూటాన్ని గీసి ఉంటే, ఆ సన్నం సరిగ్గా సరిపోతుంది. డ్రాఫ్ట్స్‌మన్‌గా నేను దీనికి సంతకం పెడతాను.

పాయెస్ రాసిన ఇంకో సంగతి ఉంది. దాన్ని నేను మా వాడికి చెబితే నమ్మలేదు, పుస్తకం తీసి చూపించాల్సి వచ్చింది. రాజుగారి నగరులో ఒకచోట, ఆ రాజ్యానికి వచ్చిపోయిన పరదేశీయుల బతుకుతీరు బొమ్మలుగా ఉండేదట. పోర్చుగీసువాళ్ళు కూడా అందులో ఉన్నారట. గుడ్డివాళ్ళనూ బిచ్చగాళ్ళనూ కూడా వదల్లేదట. రాణివాసం వాళ్ళు ఏ దేశంవాళ్ళు తమ ఊళ్ళో ఎట్లా బతుకుతారో చూసి తెలుసుకోవడానికట. అంటే మనవాళ్ళు యూరప్‌ను చూడాలనుకున్నప్పుడు కూడా అడిగింది మనుషుల నడవడిక. వాళ్ళ ఊళ్ళో బురుజులెన్ని, గోడ ఎన్ని మూరలు అన్నది కాదు. ఆ బొమ్మలు ఇప్పుడు లేవు. ఉంటే మా వాడు తెచ్చిన ప్రింటుకు జవాబుగా వాటిని పక్కన పిన్ను కొట్టేవాణ్ణి.

సరే, మనవాళ్ళు పెనుకొండను గీయలేదు. జర్మన్లు గీశారా? తంగడి ఓటమి తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. ఇక్కడ కొలువు సాగుతున్న రోజుల్లోనే, 1572లో, కొలోన్‌లో గేయోర్గ్ బ్రౌన్, ఫ్రాన్స్ హోగెన్‌బెర్గ్ కలిసి లోకంలోని పట్నాల బొమ్మల పుస్తకం మొదటి సంపుటం వేశారు. షెడెల్ పుస్తకం లాగా ఒక దిమ్మెతో నాలుగు ఊళ్ళు గట్టెక్కించే పని ఇందులో లేదు. రాగిరేకు మీద చెక్కి, ఊరూరికీ వేరుగా వేశారు. మన దేశం కూడా ఎక్కింది అందులో: కాలికట్, కన్ననూరు, గోవా, డయ్యూ. అన్నీ ఓడ దిగే ఊళ్ళే. కాలికట్ బొమ్మలో ముందు సముద్రం, దాని మీద ఓడలు, వెనక చెట్లు. సముద్రానికి ఇంత దూరంలో, కొండ కింద కూర్చున్న పెనుకొండ వాళ్ళ కంటికి ఎక్కడ ఆనుతుంది? ఆ రోజున దక్షిణాదిలో పెద్ద సింహాసనం ఇక్కడుంది, అయినా వాళ్ళకు మిరియాల మూట దిగే రేవే పట్నం. 1592 నాటికి రాజధాని చంద్రగిరికి పోయింది. పెనుకొండను బొమ్మలో పెట్టే అవసరం ఆ తర్వాత ఎవరికుంటుంది?

లేపాక్షి మీద 2019లో ఒక మంచి గ్రంథం వచ్చింది. వాస్తు చరిత్ర రాసే జార్జ్ మిషెల్, చిత్రాలూ శిల్పాలూ చదివే అన్నా దల్లాపికోలా, వీరితోపాటు బ్రిగిట్టె ఖాన్ మజ్లిస్ దానికి రచయితలు. ఈ మూడో ఆవిడ బట్టల చరిత్ర చదివిన మనిషి. గుడి మీద పుస్తకానికి బట్టల మనిషి ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. లేపాక్షి మీద రాస్తూ బట్టల మనిషి లేకపోతేనే ఆశ్చర్యపడాలన్నాను. 2022లో ఈ గుడిని, నందిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినప్పుడు కూడా శిల్పం పక్కన చిత్రకళ పేరూ పెట్టారు. ఇంకా గుర్తింపు రావాలి. కప్పు నుంచి నీళ్ళు ఊరిన మరకలు చూస్తే, గుర్తింపు కంటే ముందు గార నిలవడం ముఖ్యం అనిపిస్తుంది. ఇది చెరువుల్లో పనిచేసినవాడి మాట.

మా మేనల్లుణ్ణి కూడా లేపాక్షికి తీసుకుపోయాను. లతామండపంలో వాడు ఎక్కువసేపు నిలబడ్డాడు. అక్కడ స్తంభాల పక్కల మీద నిలువుగా ఒకే నమూనా పేర్చుకుంటూ పోతుంది. ఒకదాని మీద తీగ, ఒకదాని మీద పువ్వు, ఇంకోదాని మీద పక్షులు మెడలు పెనవేసుకుని. స్తంభం మారితే నమూనా మారుతుంది. ఇవన్నీ చీర అంచులేనని గైడు గట్టిగా చెప్పేస్తాడు. చెక్కినవాడు ఏమనుకుని చెక్కాడో గైడుకెట్లా తెలుసు గానీ, ఇప్పుడు మాత్రం అది నిజమే. ధర్మవరం డిజైనర్లు ఆ రాళ్ళ ముందు నిలబడి గ్రాఫ్ కాగితం మీద ఎక్కించుకుపోతారు. ఆ గ్రాఫ్ చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలు జాకాడకు ఎక్కుతాయి, మగ్గం మీద అంచు దిగుతుంది. లేపాక్షిలో రాతి స్తంభం కూడా చివరికి గుడ్డగానే బతికింది.

ఆ మాట మీద నాకొక కోరిక పుట్టింది. పెనుకొండకు ఎవరూ బొమ్మ గీయలేదు గదా, గగన్ మహల్‌ను కొంగు మీద వేయిస్తే? ఇంటికొచ్చి స్కేలుకు ఎలివేషన్ గీశాను. కింద కమానులు, మీద శిఖరం, కొలతలన్నీ సరిగ్గా. దాన్ని పట్టుకుని ధర్మవరంలో నాకు తెలిసిన ఒక డిజైనరు దగ్గరికి పోయాను. నాకంటే వయసులో చాలా చిన్నవాడు. కంప్యూటరు మీద పనిచేస్తాడు, అయినా గోడకు పాత గ్రాఫులు తగిలించి ఉంచాడు. షీటు పరిచి మర్యాదగా చూశాడు.

"బాగుంది సార్. గీత శానా నీటుగా ఉంది. కానీ ఈ కమాను వంపుంది చూడండి, గ్రాఫులో ఇది మెట్లు మెట్లుగా వస్తుంది. దగ్గర గళ్ళు పెడితే అట్టలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది."

"పెరగనీ."

"అది సరే సార్. మేడ ఉన్న కొంగు ఎవరు కట్టుకుంటారు? పెండ్లికి పోతారు, భుజం మీద గోడ కనబడుతుంది."

నేను మాట్లాడలేదు. అతను పెన్సిల్ తీసుకుని నా షీటు మూల మీదే ఏదో గీయడం మొదలుపెట్టాడు. ఇంకొకడైతే చెయ్యి పట్టుకునేవాణ్ణి.

"ఇట్లా చేద్దాం సార్. ఈ పక్క ఒక స్తంభం, ఆ పక్క ఒక స్తంభం, సన్నగా. మీద ఈ గీత. మధ్యలో హంసను పెడదాం. చూసినోళ్ళకు నగరని తెలిసిపోతుంది, చీరా అమ్ముడుపోతుంది."

లేపాక్షి కప్పు మీద ఐదు వందల ఏళ్ళ కిందట ఎవరో వేసిన లెక్కే. ఇతను పనిగట్టుకుని పైకి చూసిన మనిషి కూడా కాదు. అతనికి కావలసినవి ఎప్పుడూ లతామండపం స్తంభాలే.

సరే అన్నాను. స్తంభాల మధ్య ఎడం మాత్రం నేను వేసిన స్కేలు ప్రకారమే ఉంచాలని షరతు పెట్టాను. దానికి ఒప్పుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చి ధర్మవరం నుంచి పెనుకొండ బస్సెక్కాను. రంగు ఇంకా తేలలేదు. మా ఇంటావిడ ఎర్రమన్ను రంగంటోంది, డిజైనరేమో అది పట్టులో నిలబడదంటున్నాడు.